కాదని తేల్చింది కూడా వాళ్లేనట

“అయితే కాదని తేల్చింది కూడా వాళ్లేనా మావయ్యా?” మురీ మిక్చర్ తినడం ఆపేసి అడిగింది మేనకోడలు. ఆర్కే బీచ్‌లో, గోడ మీద కూర్చుని బీఎల్‌సీ1 గురించి, అంటే ఏలియన్స్ పంపారేమో అనిపించిన ఒక రేడియో సిగ్నల్ గురించి చెప్పుకుంటున్నాం. దాన్ని పట్టుకున్న సైంటిస్టులనే తను ‘వాళ్లు’ అంటోంది.

2019లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోపును ప్రాక్సిమా సెంటారీ అనే నక్షత్రం వైపు తిప్పినప్పుడు 982 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నటి సిగ్నల్ ఒకటి రికార్డయింది. అక్కడి పద్ధతి ఏమిటంటే, కాసేపు నక్షత్రం వైపు చూడటం, కాసేపు పక్కకి తిప్పడం. పక్కకి తిప్పినా వినిపిస్తే అది భూమ్మీది గోలే. ఇదేమో నక్షత్రం వైపు ఉన్నప్పుడే కనిపించింది! ఫ్రీక్వెన్సీ కూడా మెల్లగా జరుగుతోంది, కదిలే గ్రహం మీంచి వస్తే జరిగినట్టే. ఇప్పుడు చదువుతుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అయినా వాళ్లు పండగ చేసుకోలేదు. డేటా మొత్తం తవ్వారు. వేరే ఫ్రీక్వెన్సీల్లో అచ్చం ఇలాగే జరిగే సిగ్నళ్లు పదులకొద్దీ బయటపడ్డాయి. కొన్ని పక్కకి తిప్పినప్పుడూ ఉన్నాయి. వాటి ఫ్రీక్వెన్సీల మధ్య తేడాలు ఎలక్ట్రానిక్ పరికరాల్లో టిక్ టిక్‌మని టైమింగ్ ఇచ్చే క్లాక్ ఆసిలేటర్ల లెక్కకి సరిపోయాయి. మన పరికరాల పనే! 2021లో వాళ్లే పేపర్లు రాసి చెప్పేశారు.

“ఏలియన్స్ దొరికారు” అనే వీడియోలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. నాకు మాత్రం ఈ తవ్వకమే ఎక్కువ ఇష్టం. అంత ఆశ పెట్టుకున్నదాన్ని అంత ఓపిగ్గా అనుమానించడం ఎంత కష్టం!

“పాపం, ఏడ్చి ఉంటారు” అంది. ఆ తర్వాత, ఆ నక్షత్రం నుంచి ఇవాళ సిగ్నల్ బయల్దేరితే ఎప్పటికి వస్తుందని అడిగింది. 4.2 ఏళ్లు పడుతుందన్నా. తను అప్పటికి ఏ క్లాసులో ఉంటుందో వేళ్ల మీద లెక్కేసుకుంటోంది.