హామిల్టన్ 992 డయల్ కథ: నా అనుభవం

వేలం కంపెనీ నుంచి నిన్న కొంత డబ్బు వెనక్కి వచ్చింది. మొత్తం కాదు, కొంతే. పాత రైల్‌రోడ్ వాచీకి (అమెరికా రైల్వే ఉద్యోగులు డ్యూటీలో వాడిన జేబు గడియారం) బిగించి ఉన్న డయల్, అంటే అంకెలుండే ముఖం, ఆ వాచీది కాదని అమ్మినవాళ్ల చేత ఒప్పించడం ఎంత తలనొప్పో, కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఒహాయోలో నాకు తెలిసిన మనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఈ వాచీల మీద మోజు పడుతున్నారు, వాళ్లకి పనికొస్తుంది.

వాచీ హామిల్టన్ 992. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో తయారైంది. 16 సైజు (అమెరికా జేబు వాచీల కొలత), 21 జ్యుయెల్స్ (లోపలి ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు). ఈ మోడల్ 1903లో మొదలైంది, 1940లో 992బి వచ్చి దాని స్థానం తీసుకుంది. వెనక మూత తిప్పి తీసి సీరియల్ నంబరు చూసుకుంటే నాది 1910ల నాటిదని తేలింది. ఆ పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. కేసు, అంటే బయటి లోహపు గూడు, గురించీ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ఆ రోజుల్లో మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం, ఫ్యాక్టరీ నుంచి విడిగా వచ్చేది, కేసు ఏది కావాలో కొనేవాడు నగల షాపులో ఎంచుకునేవాడు. అందుకే ఈ కాలపు వాచీకి "ఫ్యాక్టరీ కేసు" అని ఎవరైనా ఎక్కువ రేటు చెబితే నవ్వి ఊరుకోండి.

చిక్కంతా డయల్ దగ్గరే వచ్చింది. ప్రకటనలో "ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు మాంట్‌గోమరీ డయల్" అని రాశారు, ఆ మాటకి రేటు కూడా బాగానే పెంచారు. మాంట్‌గోమరీ అంటే శాంటా ఫే రైల్వేలో వాచీల తనిఖీ చూసిన హెన్రీ మాంట్‌గోమరీ. ఆయన పేరు పడ్డ డయల్‌లో అంచు చుట్టూ 1 నుంచి 60 దాకా ప్రతి నిమిషానికీ అంకె ఉంటుంది, గంటల అంకెల్లో 6 మాత్రం చిన్న సెకండ్ల వృత్తంలోకి వెళ్తుంది. నిమిషాల అంకెలు కనబడితే చాలు, ఆ 6 లేకపోయినా మాంట్‌గోమరీ అని అమ్మేవాళ్లు బోలెడుమంది. నా దాంట్లో 6 ఉంది. ఎనామెల్ (లోహం మీద కాల్చి అతికించే గాజు పూత) కూడా నిజమైనదే. లూప్ (కంటికి పెట్టుకునే చిన్న భూతద్దం) పెట్టి ఏటవాలుగా వెలుగు వేస్తే మధ్య భాగం, సెకండ్ల భాగం రెండూ లోపలికి దిగి, అంచుల దగ్గర నీడ పడుతోంది. అచ్చు వేసిన నకిలీల్లో ఆ నీడ ఉండదు, గీతలే ఉంటాయి.

అయితే హామిల్టన్ పేరు కింద చిన్న అక్షరాలతో "రైల్వే స్పెషల్" అని ఉంది. అది 992బి కాలపు మాట. 1910ల వాచీ మీద ఉంటే హామిల్టన్ పేరు ఉండాలి, లేదా అమ్మిన నగల వ్యాపారి పేరు ఉండాలి. ముప్పై ఏళ్ల తర్వాతి డయల్ ఫ్యాక్టరీలోనే ఎలా ఎక్కింది? వేలం కంపెనీకి ఇదే రాశాను. "అది అసలైన హామిల్టన్ డయలే, అభ్యంతరం ఉంటే నిపుణుడి చేత రాయించి గడువులోగా పంపండి" అని జవాబు.

ఇక్కడే నాకు బాగా మండింది. ఊళ్లో పాత వాచీలకి విలువ కట్టే ఒకాయన ఉన్నాడు. ఫీజు ముందే తీసుకున్నాడు. వాచీ మూత కూడా తీయలేదు. లూప్ జేబులోనే ఉంది. వేలం వాళ్ల ప్రకటన ప్రింట్ చేసి తీసుకెళ్లాను కదా, అది చదివి, అందులో ఉన్న మాటలే తన లెటర్‌హెడ్ మీద టైప్ చేసిచ్చాడు. రైల్వే స్పెషల్ సంగతి ఎత్తితే, పక్కనున్న కస్టమర్ వైపు తిరిగి, "టైం కావాలంటే ఆయన చేతిలో ఫోన్ ఉందిగా" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. పైగా, "మీ దేశంలో రైల్‌రోడ్ వాచీలు చూసి ఉండరు" అని ఓదార్పు! మా మేనమామ గుంతకల్లు డివిజన్‌లో గార్డుగా రిటైరయ్యాడు. ఆయన వాచీ ఆలస్యంగా నడిస్తే ఏమవుతుందో మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ మాట అక్కడే అనేద్దామనుకున్నాను, ఇంగ్లీషులో సమయానికి నోరు పెగల్లేదు. మొహం ఎర్రబడి బయటికొచ్చాను. ఆ ఉత్తరం నా మెడకే చుట్టుకుంది. దాన్ని పంపితే నేను ఓడిపోయినట్టే, పంపకపోతే గడువు దాటిపోతుంది.

ఈ పట్టుదలంతా ఎందుకని మా ఆవిడ అడిగింది. చెప్పాను. 1891 ఏప్రిల్‌లో మా పక్కనే, ఒహాయోలోని కిప్టన్‌లో రెండు రైళ్లు ఢీకొన్నాయి. ఇంజను నడిపేవాడి వాచీ నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నడిచిందని చెబుతారు. ఆ తర్వాత క్లీవ్‌లాండ్ నగల వ్యాపారి వెబ్ బాల్‌కి వాచీల తనిఖీ అప్పగించారు. వారానికి 30 సెకన్లకి మించి తేడా రాకూడదు, డయల్ తెల్లగా ఉండాలి, అంకెలు నల్లగా స్పష్టంగా ఉండాలి, కీ ఇచ్చే కిరీటం 12 దగ్గర ఉండాలి అని నియమాలు స్థిరపడ్డాయి. కిందపడి ఎనామెల్ పగిలి అంకెలు పోయిన వాచీతో డ్యూటీకి వెళ్లడం కష్టం, కాబట్టి డయల్ మార్పించుకునేవాళ్లు. 1945లో ఏ ఇంజను డ్రైవరో నా వాచీని కింద పడేసి కొత్త డయల్ వేయించుకుని ఉంటే నాకేం బాధ లేదు, అది కూడా ఆ వాచీ బతుకులో భాగమే. నాకు ఒళ్లు మండింది దాన్ని ఫ్యాక్టరీ డయల్ అని చెప్పి నా దగ్గర డబ్బు గుంజినందుకు. ఆవిడ "సరే కానీ భోజనానికి రా" అంది.

చివరికి దారి చూపించింది పాత వాచీల సంతలో దొరికిన రిటైర్డ్ వాచీ మెకానిక్. పెద్దాయన, పైసా తీసుకోలేదు. ముళ్ల కింద పల్చటి ప్లాస్టిక్ పెట్టి ముళ్లు లాగేశాడు. మూవ్‌మెంట్ పక్కల్లో ఉన్న చిన్న స్క్రూలు కాస్త వదులు చేస్తే డయల్ పైకి వచ్చేసింది. ఎనామెల్ డయల్ వెనక రాగి కాళ్లు ఉంటాయి, అవి ప్లేటు రంధ్రాల్లోకి దిగితే పక్క నుంచి స్క్రూలు పట్టుకుంటాయి. నా దానికి ఒక కాలు విరిగిపోయింది. దాని బదులు జిగురు! పారదర్శకమైన జిగురు, అల్ట్రావయొలెట్ టార్చ్ వేస్తే నీలంగా మెరిసింది. ప్లేటు మీద కూడా అదే మరక.

పెద్దాయన అన్న మాట నాకు బాగా నచ్చింది. రైల్వే కోసం పని చేసిన మెకానిక్ ఎవరూ డయల్‌ని జిగురుతో అంటించడట, వచ్చే తనిఖీలో వాచీ విప్పితే పరువు పోతుందట. కాబట్టి ఇది 1940ల రిపేరు కాదు, ఈ మధ్య అమ్మకానికి ముందు ఎవరో చేసిన పని. ఆ నాలుగు వాక్యాలూ కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చాడు. ఫోటోలతో కలిపి పంపాను. వేలం వాళ్లు ఆ తర్వాత "నిపుణుడు" అనే మాట ఎత్తలేదు, డయల్‌కి పెంచిన రేటు వరకు తిరిగిచ్చారు. క్షమాపణ మాత్రం లేదు.

కొనేవాళ్లు లూప్ 10 రెట్లది తీసుకోండి, ఖరీదైనది అక్కర్లేదు. డయల్ మీద సన్నటి బీటలు ఉంటే భయపడకండి. కేసు అరిగిపోయి డయల్ మాత్రం నిన్న కొన్నట్టు మెరుస్తుంటే అప్పుడు భయపడండి. విలువ కట్టే వాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి, వెళ్తే ప్రకటన కాగితం ఇంట్లో వదిలి వెళ్లండి. ఇప్పుడు నా వాచీకి ఆ కాలపు హామిల్టన్ డబుల్ సంక్ (మధ్య భాగం, సెకండ్ల భాగం రెండూ లోపలికి దిగిన) డయల్ ఒకటి వెతుకుతున్నాను. వెనక వైపు కాళ్ల ఫోటో పంపనన్న వాడితో బేరం మొదలుపెట్టడం లేదు.