తిన్న రెండు గంటలకి

నాకు షుగర్ ఉందని తేలిన రోజు అంకెలివి. పరగడుపున 186. తిన్నాక 274. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 8.9. అంతకు ముందు కొన్ని నెలలుగా ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు, రాత్రి మూడు నాలుగు సార్లు లేవాల్సి వచ్చేది, మధ్యాహ్నానికే ఒళ్లు సోలిపోయేది. పని ఎక్కువై అలా ఉందనుకున్నాను.

డాక్టర్ గారు మెట్‌ఫార్మిన్ మాత్ర రాసి, తిండి, నడక, నిద్ర మార్చుకోమన్నారు. మొదటి వారమంతా ఏం తినాలన్నా టెన్షనే. భయంతో ఒక పూట కడుపు మాడ్చుకుని, తర్వాతి పూట ఆకలికి ఆగలేక రెట్టింపు తినేదాన్ని.

ఆ భయం నుంచి నన్ను బయటపడేసింది ఇంట్లోనే షుగర్ చూసుకునే గ్లూకోమీటర్. ఒక సాయంత్రం పండు కోసిన చేత్తోనే వేలు గుచ్చుకుని చూశాను. 241! గుండె జారిపోయింది. చేతులు సబ్బుతో కడిగి, పొడిగా తుడుచుకుని మళ్లీ చూస్తే 152. వేలికి అంటిన పండురసం చేసిన పని అది. అప్పటినుంచి చేతులు కడగనిదే స్ట్రిప్ తీయను. వేలి కొసన కాకుండా పక్కగా గుచ్చితే నొప్పి తక్కువని కూడా అలా చేస్తూ చేస్తూనే తెలిసింది.

తినే ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకి ఒకసారి చూసి నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని. ఒకే భోజనం, ఒకే పరిమాణం. తిని కూర్చుండిపోయిన రోజు 212. తినగానే 15 నిమిషాలు నడిచిన రోజు 164. కదిలే కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ని లాక్కుంటాయని చదివాను గానీ, నా చేతిరాతలో ఆ రెండు అంకెలు పక్కపక్కన చూశాకే నమ్మకం కుదిరింది. ఇక ఒకరు చెప్పాల్సిన అవసరం రాలేదు, రాత్రి భోజనం కాగానే చెప్పులు వేసుకునేదాన్ని. పళ్లరసాలు మానేశాను. పిండిపదార్థాలు సగానికి తగ్గించి, కూరగాయలు ముందు తినడం అలవాటు చేసుకున్నాను.

పరగడుపు షుగర్ మాత్రం ఎంతకీ దిగలేదు. రాత్రంతా ఏమీ తినకపోయినా పొద్దున 150 పైనే! తెల్లవారుజామున కాలేయం తన నిల్వలోంచి గ్లూకోజ్ వదులుతుందని, నిద్ర తక్కువైతే ఇంకా ఇబ్బందని డాక్టర్ గారు చెప్పారు. ఐదు గంటల నిద్రని ఏడుకి పెంచడం నాకు అన్నిటికంటే కష్టమైంది. దాదాపు రెండు నెలలకి 118 చూశాను. ఆ రోజు ఏడ్చాను.

మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 7.1, ఆరు నెలలకి 6.3. ఇక మాత్ర మానేయొచ్చా అని అడిగితే, "ఆ 6.3లో మాత్ర వాటా కూడా ఉందమ్మా" అన్నారు. నా అంతట నేను ఆపలేదు. ఆ తర్వాత ఆయనే డోసు తగ్గించారు.

షుగర్ కళ్లని కూడా దెబ్బతీయొచ్చు కాబట్టి ఏడాదికోసారి కంటి రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష చేయించుకోవాలి. మొదటిసారి ఏ సమస్యా కనిపించలేదు. రెండోది వచ్చే నెలలో.