మసుంతే వెళ్లాలంటే ప్లాన్‌ని చివరి గంట నుంచి వెనక్కి వేసుకోండి

మెక్సికో పసిఫిక్ తీరాన, వహాకా రాష్ట్రం దక్షిణపు కొసలో మసుంతే అనే చిన్న ఊరుంది. ఒకే ఒక పెద్ద రోడ్డు, దాని నుంచి సముద్రం దాకా దిగే సందులు, ఆకుల కప్పులున్న గదులు. ఇంత చిన్న ఊరికి ప్లాన్ ఏముంటుంది అనిపిస్తుంది గానీ, పెద్ద రిసార్టు ఊళ్లలో డబ్బుతో సర్దుకుపోయే పొరపాట్లు ఇక్కడ సర్దుకోవు. పొద్దుపోయాక చేరితే బండి దొరకడం కష్టం. చేతిలో నోట్లు లేకపోతే ఏటీఎం ఆదుకుంటుందన్న నమ్మకం లేదు. తప్పు చోట నీళ్లలోకి దిగితే చుట్టుపక్కల లైఫ్‌గార్డు ఉండకపోవచ్చు. అందుకే విమానం టికెట్టు కొనకముందే మూడు విషయాలు తేల్చుకోవాలి: ఏ నెలలో వెళ్తారు, పగటి వెలుగులో ఎలా చేరతారు, ఏ ఒడ్డున స్నానం చేస్తారు.

ముందు నెల సంగతి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, మే నుంచి అక్టోబరు దాకా వానలు. తూర్పు పసిఫిక్‌లో తుఫాన్ల కాలం అధికారికంగా మే 15 నుంచి నవంబరు 30 వరకు. "మేలో ఇంకా ఏం రాదులే" అనుకోకండి. 2022 మే 30న అగాథా తుఫాను రెండో కేటగిరీ బలంతో సరిగ్గా ఈ తీరంలోనే, పక్కనున్న ప్వెర్తో ఆంహెల్‌కి కాస్త పడమరగా తీరం దాటింది. వానాకాలానికి ఇంకో చిక్కు కూడా ఉంది. దక్షిణార్ధగోళంలో అది చలికాలం. అక్కడి గాలివానల్లో పుట్టిన పెద్ద అలలు వేల కిలోమీటర్లు దాటి ఈ ఒడ్డుకే వస్తాయి. అంటే ఇక్కడ ఆకాశం తేటగా ఉన్న రోజున కూడా సముద్రం ఉగ్రంగా ఉండొచ్చు. ఈత మీద ఆశ ఉన్నవాళ్లకు నవంబరు చివరి వారం నుంచి డిసెంబరు మధ్య వరకు, మళ్లీ జనవరి రెండో సగం నుంచి ఫిబ్రవరి వరకు మంచి రోజులు. డిసెంబరు నుంచి మార్చి వరకు తీరానికి దగ్గరగా హంప్‌బ్యాక్ తిమింగలాలు కూడా కనిపిస్తాయి. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, ఈస్టర్‌కి ముందు వెనుక వారాల్లో మాత్రం మెక్సికో వాళ్లే కుటుంబాలతో తీరానికి దిగుతారు. గదుల ధరలు పెరుగుతాయి, ఏటీఎంలు ఖాళీ అవుతాయి. ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది, 2027లో మార్చి 28. క్యాలెండరు చూడకుండా మార్చి, ఏప్రిల్ టికెట్లు కొనకండి.

ఇక చేరడం. దగ్గరి విమానాశ్రయాలు రెండు: తూర్పున వాతుల్కో, పడమరన ప్వెర్తో ఎస్కొందీదో. వాతుల్కో నుంచి కారులో సుమారు గంట, ఎస్కొందీదో నుంచి గంట పైచిలుకు. రెండింటికీ మెక్సికో సిటీ నుంచి విమానాలున్నాయి, అక్కడే చాలామంది దెబ్బ తింటారు. మెక్సికో సిటీకి బెనీతో హువారెస్ విమానాశ్రయం ఒకటి, 2022 మార్చిలో తెరిచిన ఫెలిపే ఆంహెలెస్ ఇంకొకటి. రెండింటి మధ్య నగరం ట్రాఫిక్ ఉంటుంది. చవకగా కనబడిన టికెట్టులో దిగేది ఒకచోట, ఎక్కేది ఇంకోచోట అయితే ఆ చవక చవక కాదు. విమానాశ్రయం ఒకటే అయినా, మెక్సికోలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్, సామాను తీసుకోవడం, కస్టమ్స్, మళ్లీ సామాను అప్పగించడం అన్నీ అవ్వాలి. మధ్యలో మూడు గంటలు పెట్టుకోండి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ల దగ్గర అమెరికా, కెనడా, బ్రిటన్, జపాన్, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని గడువు తీరని వీసా ఉంటే పర్యటనకు మెక్సికో వీసా వేరే అక్కర్లేదు. పాస్‌పోర్టులో ఉన్న వీసా స్టాంపునే చూస్తారు. హెచ్-1బి పిటిషన్ ఆమోదం కాగితం వీసా కాదు, స్టాంపు గడువు తీరితే అది పనికిరాదు. అధికారి గరిష్ఠంగా 180 రోజులు ఇవ్వొచ్చు, తక్కువా ఇవ్వొచ్చు. కౌంటర్ దగ్గరే స్టాంపు మీద రాసిన రోజులు చూసుకోండి.

వహాకా నగరం కూడా చూసి రావాలనుకుంటే రోడ్డు దారి ఉంది. 2024 ఫిబ్రవరిలో తెరిచిన బర్రాంకా లార్గా-వెంతనీయా హైవే పుణ్యమా అని, ఆరేడు గంటలు పట్టే ఎస్కొందీదో ప్రయాణం దాదాపు మూడు గంటలకు దిగింది. ఆ పేరులోని వెంతనీయా ఎస్కొందీదో దగ్గరిది. మసుంతే పక్కన మొసళ్ల మడుగున్న వెంతనీయా వేరు. మ్యాప్‌లో ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కితే గంట దూరం తేడా వస్తుంది. పాత 175వ నంబరు రోడ్డు సాన్ హోసె దెల్ పసీఫికో కొండల మీదుగా, మసుంతేకి దగ్గర్లోని పట్టణం పొచుత్లకు దిగుతుంది. మబ్బుల్లో వెళ్లే అందమైన దారే గానీ గంటల తరబడి మలుపులే. కడుపులో తిప్పే వాళ్లు బయల్దేరడానికి అరగంట ముందే మాత్ర వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే అది లోపల నిలవదు.

తీరం వెంట సాగే హైవే 200 మీద నడిచే బస్సులు మసుంతే ఊళ్లోకి రావు. ఎస్కొందీదో వైపు నుంచి వస్తుంటే సాన్ ఆంతోనియో కూడలిలో, వాతుల్కో వైపు నుంచైతే పొచుత్లలో దిగి బండి మారాలి. అక్కడ దొరికేవి రెండు: టాక్సీ, లేదా కమ్యోనేతా. కమ్యోనేతా అంటే వెనక రెండు బల్లలు వేసి, పైన టార్పాలిన్ కప్పిన పికప్ ట్రక్కు. బ్యాగు కాళ్ల మధ్య పెట్టుకుని, వంపుల దగ్గర పై కమ్మీ పట్టుకోవాలి. దిగే చోటు రాగానే "బాహాన్!" అని గట్టిగా అంటే ఆపుతాడు. కిరాయి దిగాక ఇవ్వాలి, చిల్లర ఉంచుకోండి. చీకటి పడ్డాక ఇవి పలచబడిపోతాయి. మెక్సికో 2022లో గడియారాలు మార్చే పద్ధతి ఎత్తేసింది కాబట్టి ఇక్కడ సూర్యాస్తమయం డిసెంబరులో సుమారు ఆరింటికి, జూన్‌లో ఏడింటికి అవుతుంది. ఈ లెక్కన మధ్యాహ్నం రెండింటిలోపు దిగే విమానమే కొనండి. అంతకన్నా ఆలస్యమైతే ఆ రాత్రి విమానాశ్రయం ఉన్న ఊళ్లోనే పడుకుని పొద్దున బయల్దేరడం మేలు.

డబ్బు పొచుత్లలోనే తీసుకోండి. అక్కడ బ్యాంకులున్నాయి, ఏటీఎం బ్యాంకు లోపలే ఉంటుంది. మిషన్ మీ సొంత కరెన్సీలో లెక్కగట్టి ఒక మారకం రేటు చూపించి ఒప్పుకోమంటుంది. "నో" నొక్కండి. లావాదేవీ ఆగిపోదు, మీ బ్యాంకు రేటుకు పెసోలు వస్తాయి, అది దాదాపు ఎప్పుడూ మెరుగే. ఎంత తీసుకోవాలి? గది బాకీ, రోజుల తిండి, పడవ షికారు, తిరుగు టాక్సీ కలిపి, ఆపైన రెండు రోజుల ఖర్చు అదనంగా. కరెంటు పోతే కార్డు మిషన్లూ ఆగిపోతాయి. 500 పెసోల నోటుకు చిన్న కొట్లలో చిల్లర దొరకదు, పెద్ద కొట్టు కనబడ్డప్పుడే విడగొట్టుకోండి.

గది బుక్ చేసేటప్పుడు ఫొటోల కంటే ప్రశ్నలు ముఖ్యం. ఎన్ని మెట్లు ఎక్కాలి? దోమతెర ఉందా? ఫ్యానా, ఏసీయా? పొడి కాలం చివర్లో నీళ్లు ట్యాంకర్ల మీద వస్తాయి కాబట్టి షవర్‌లో ఎంతసేపైనా నిలబడొచ్చు అనుకోవద్దు. కాగితం కమోడ్‌లో వేయకూడదు, పక్కన బుట్ట ఉంటుంది. గొట్టాలు సన్నవి, సెప్టిక్ ట్యాంకులు చిన్నవి. తాగడానికి 20 లీటర్ల గరఫోన్ క్యాన్ నీళ్లే. డెంగీ దోమ పగలు కుడుతుంది, మందు పొద్దుననే రాసుకోండి.

ఇప్పుడు సముద్రం. ఇది శ్రద్ధగా చదవండి. ఈ తీరంలో ఒడ్డు తొందరగా లోతవుతుంది, లాగేసే ప్రవాహాలు ఎక్కువ. మసుంతేలో పడమటి కొస మూలనున్న రింకొన్సీతో దగ్గర రాళ్లు అడ్డుండటం వల్ల నీరు కాస్త నెమ్మదిగా ఉంటుంది, పిల్లలతో దిగాలంటే అదే చోటు. కొండకు అవతలి మెర్మెహీతా సూర్యాస్తమయానికి గొప్పగా ఉంటుంది, స్నానానికి కాదు. దగ్గర్లోని ఇంకో తీరపు ఊరు సిపొలీతేకి "చచ్చినవాళ్ల ఒడ్డు" అన్న పేరు ఊరికే రాలేదు.

నీళ్లలో కాలు పెట్టే ముందు పది నిమిషాలు నిలబడి చూడండి. అలలు తెల్లగా విరుగుతున్న వరసలో ఒకచోట మాత్రం విరగకుండా, నున్నగా, కొంచెం ముదురు రంగులో పట్టీలా కనిపిస్తుంది. ఆ పట్టీ మీద నురగ, ఇసుక కలిసిన మురికి నీరు ఒడ్డువైపు కాకుండా లోపలికి పోతుంటుంది. కొత్తవాళ్లకు అదే ప్రశాంతమైన చోటులా కనబడుతుంది, అందుకే అక్కడే దిగుతారు. అలలు ఒడ్డున పోసిన నీళ్లన్నీ వెనక్కి పోయే కాలువ అది. అందులో చిక్కితే ఒడ్డువైపు ఎదురీదకండి, ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటుకు వచ్చాక వాటితో పాటు బయటికి రండి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపండి. అది లోపలికి లాగుతుంది గానీ కిందికి ముంచదు. ఎర్ర జెండా ఉంటే మోకాళ్ల దాకా కూడా వద్దు. అత్యవసర నంబరు 911.

ఈ ఊరి కథ తెలిసి వెళ్తే తాబేళ్లను చూసే కన్ను మారుతుంది. ఒకప్పుడు ఇక్కడి బతుకుతెరువు తాబేళ్ల వేటే. పక్కనున్న సాన్ అగస్తినీయోలో వాటి కబేళా ఉండేది. 1990లో మెక్సికో ఆ వేటను పూర్తిగా నిషేధించింది. ఆ తర్వాత మసుంతేలో తాబేళ్ల పరిశోధన కేంద్రం వచ్చింది, ఊళ్లోవాళ్లు సహకార పద్ధతిలో సబ్బులూ క్రీములూ తయారుచేసే చిన్న కర్మాగారం పెట్టుకున్నారు. కాస్త పడమరనున్న ఎస్కొబీయా ఒడ్డుకు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒకేసారి వేల సంఖ్యలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇది ఎక్కువగా వానాకాలంలో జరుగుతుంది. పిల్ల తాబేళ్లను వదిలే చోటికి వెళ్తే ఫ్లాష్ వాడకండి, సన్‌స్క్రీన్ రాసిన చేత్తో ముట్టకండి, ఇసుక మీద వాటిని వాటంతట అవే నడవనివ్వండి. ప్రతి పిల్లనూ చేతికిచ్చి ఫొటో తీసుకోమనే చోటికి డబ్బు ఇవ్వొద్దు.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ పుంతా కొమేతా, వహాకా రాష్ట్రానికి దక్షిణపు కొస. ఊరి నుంచి అరగంట నడక. చెప్పులు కాదు, బూట్లు. తిరిగొచ్చేటప్పుడు అడవి దారి చీకటిగా ఉంటుంది, టార్చి తీసుకెళ్లండి. ఎస్కొందీదో మీదుగా వెళ్లేవాళ్లు మనియల్తెపెక్ మడుగులో రాత్రి మెరిసే నీళ్లు చూడాలనుకుంటే ఆ రోజును అమావాస్యకు దగ్గరగా పెట్టుకోండి. వెన్నెల్లో ఆ మెరుపు కనబడదు.

శాకాహారులకు ఒక మాట. త్లాయూదా అంటే పెద్ద మొక్కజొన్న రొట్టె మీద బీన్స్ లాంటివి పరిచే వహాకా వంటకం. దాని మీద మాంసం వద్దన్నంత మాత్రాన సరిపోదు. కింద రాసే అసియెంతో పంది కొవ్వే. "సిన్ కార్నె, సిన్ అసియెంతో" అనాలి. బీన్స్ మాంతేకాతో, అంటే మళ్లీ పంది కొవ్వుతో చేశారేమో, అన్నం కోడి రసంలో ఉడికించారేమో కూడా అడగండి. చిన్నబుచ్చుకోరు, ఉన్నదున్నట్టు చెప్తారు.

తిరుగు ప్రయాణం పొద్దున విమానమైతే టాక్సీని ముందురోజు సాయంత్రమే మాట్లాడుకోండి. ధర, సమయం ఒప్పుకున్నాక డ్రైవర్ నంబరు, బండి నంబరు రాసుకుని, గదివాళ్లకు కూడా చెప్పి ఉంచండి. తెల్లవారకముందు రోడ్డు మీద నిలబడితే కమ్యోనేతాలు రావు.