హోమ్‌లో పిల్లల్ని ట్యాబ్‌తో అడిగాం: నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, మేం ట్యాబ్‌లతో సర్వే చేసిన అబ్జర్వేషన్ హోమ్ (కేసుల్లో ఉన్న పిల్లల్ని విచారణ తేలేదాకా ఉంచే చోటు) ఏదో, ఏ ఊళ్ళోదో అడక్కండి. కేసుల్లో ఉన్న పిల్లల్ని గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 74వ సెక్షన్ ఉంది. ఆ సెక్షన్ లేకపోయినా చెప్పను, ఆ పిల్లల్లో ఇద్దరు ముగ్గురు ఇప్పటికి వాళ్ళ ఊళ్ళకెళ్ళి పన్లు చేసుకుంటూ ఉంటారు.

నాది విజయనగరం. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అయ్యాక పిల్లలతో పనిచేసే ఒక చిన్న సంస్థలో చేరా, ఆ పని మీద మొదటిసారి అబ్జర్వేషన్ హోమ్‌కి వెళ్ళా. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టారు, పక్కనే సార్లు నిలబడి ఉన్నారు, "ఇక్కడెలా ఉందిరా" అనడిగితే అందరూ ఒకే గొంతుతో "బావుంది సార్" అన్నారు. ఫిర్యాదుల పెట్టె కూడా ఉంది, సరిగ్గా ఆఫీసు గుమ్మం ఎదురుగా, చీటీ వేసినవాడెవడో లోపల కుర్చీలో కూర్చున్నవాళ్ళకి కనిపించేలాగ. పైగా చీటీ రాయాలంటే రాయడం రావాలి కదా, ఐదో తరగతితో బడి మానేసినవాళ్ళే ఎక్కువ.

దీనికి దారేంటా అని వెతుకుతుంటే అమెరికాలో చేసింది కనిపించింది. అక్కడ 2003లో చట్టం తెచ్చి, ఆ తర్వాత 2008-09లో, 2012లో, 2018లో నిర్బంధంలో ఉన్న పిల్లల్ని లైంగిక వేధింపుల గురించి సర్వే చేశారు. చెవులకి హెడ్‌ఫోన్, ముందు టచ్ స్క్రీన్, ప్రశ్న గొంతుతో వినిపిస్తుంది, పిల్లోడు వేలితో నొక్కుతాడు, అడిగే మనిషికి కూడా ఏం నొక్కాడో తెలీదు. నాకు బాగా నచ్చిందేంటంటే కొంతమందికి వేరే సర్వే, మత్తుపదార్థాల గురించి, లాటరీలాగా వచ్చేది. అంటే గదిలోంచి బయటికొచ్చిన పిల్లోడు దేని గురించి చెప్పాడో ఎవడూ ఊహించలేడు. మొదటి విడతలో దాదాపు 12 శాతం మంది లైంగిక వేధింపు జరిగిందన్నారు, 2018కి అది 7.1 శాతం అయింది. ఇలాంటి మాట సార్ల ముందు నోటితో చెప్పగలిగే పిల్లోడెవడు చెప్పండి.

ఇక పర్మిషన్. దీని గురించి ఎక్కువ రాస్తే నాకే నీరసం. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాయి కదా, అటు పాలకొండ సీతంపేట, ఇటు పార్వతీపురం కలిసి మన్యం జిల్లా అయ్యాయి, దాంతో మా లెటర్ ఏ ఆఫీసుకి పోవాలో ఆఫీసులకే తేలక మూడు చోట్ల తిరిగింది. ఈ పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డులో ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, వాళ్ళు మాత్రం ప్రశ్నలన్నీ ఒక్కొక్కటీ చదివారు. లైంగిక వేధింపు ప్రశ్నలు తీసెయ్యమన్నారు. నాకు కోపమొచ్చింది గానీ వాళ్ళ మాటా నిజమే, పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సోలో 19వ సెక్షన్ ప్రకారం మనకి తెలిస్తే రిపోర్ట్ చెయ్యాల్సిందే, పేర్లేని సర్వేలో ఎవడు చెప్పాడో తెలీకుండా ఎవరి గురించి రిపోర్ట్ చేస్తాం? అందుకని "ఎవరికీ చెప్పం" అన్న మాట కూడా తీసేశాం. "నువ్వేటి నొక్కినావో మాకు తెలీదు, కానీ నోటితో మాకు సెబితే మాత్రం దాసలేం" అని పెట్టాం.

పాత ట్యాబ్‌లు నాలుగు సంపాదించి, సిమ్‌లు పీకేసి, నెట్ లేకుండా పనిచేస్తుందని ఓడీకే అనే ఉచిత యాప్ వేశాం, అందులో ప్రతి ప్రశ్నకీ ఆడియో తగిలించొచ్చు. ఆడియో నేనే చదివా, చాలా స్పష్టంగా, ఎంతో గర్వంగా! ట్రయల్‌కి బయట బస్తీ పిల్లలకి వినిపిస్తే ఒకడు హెడ్‌ఫోన్ తీసి "ఏటన్నా ఇది, టీవీలో వార్తల్నాగున్నాది" అన్నాడు. "సిబ్బంది మీ పట్ల మర్యాదగా ప్రవర్తిస్తారా" అంటే ఇంకొకడు "సిబ్బందంటే ఎవులు?" అన్నాడు. పోయింది నా గర్వం. మొత్తం మళ్ళీ రాశాం, "సార్లు నిన్ను బూతులు తిడతారేటి?", "రేత్రి పడుకుంటే బయమేస్తాదా?" అని. "పూర్తిగా ఏకీభవిస్తాను" లాంటి ఐదు మెట్లు తీసేసి ఎప్పుడూ, అప్పుడప్పుడు, అస్సల్లేదు అని మూడు ఉంచాం. గొంతు మా మేనల్లుడిది, ఇంటర్ చదువుతున్నాడు, బొబ్బిలి వైపు యాస. రికార్డింగ్ పెట్టుకున్న రోజు సరిగ్గా తోలేళ్ళు (పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముందు రోజు పండగ), ఊరంతా డప్పులే, పైడితల్లమ్మ దయవల్ల ఆ రోజు చేసిందంతా వేస్ట్. తర్వాత దుప్పటి ముసుగేసుకుని చెమటలు కారుతూ చేశాడు పాపం.

అసలు తప్పు ఇంకోటి, అది మా ఆఫీసులో లెక్కలు చూసే అక్క పట్టుకుంది. యాప్ ప్రతి ఫారానికీ మొదలెట్టిన టైమూ ముగించిన టైమూ రాసుకునేలా పెట్టేశాం. హోమ్‌లో ఏ పిల్లోడు ఎప్పుడు గదిలోకెళ్ళాడో రిజిస్టర్ ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే పేరు అడక్కుండానే పేరు తెలిసిపోయినట్టే! వయసు, మండలం కూడా అంతే, కవిటి నుంచి వచ్చినవాడు ఒక్కడే ఉంటే మండలం పేరే వాడి పేరు. అవన్నీ పీకేశాం.

అమెరికా వాళ్ళ లాటరీ ఆలోచన కాస్త మార్చి వాడాం. మొదటి స్క్రీన్ మీద "నాకొద్దు" నొక్కితే సర్వే ఆగదు, క్రికెట్ గురించి, ఇష్టమైన కూరల గురించి అంతే సేపు ప్రశ్నలొస్తాయి. వద్దన్నవాడెవడో బయట నిలబడ్డ సార్‌కి తెలీదు.

సర్వే రోజు సూపరింటెండెంట్ గారు బాగానే సహకరించారు, టీ కూడా ఇప్పించారు, కాకపోతే ఒక సార్ కిటికీ పక్కన తచ్చాడుతూనే ఉన్నాడు. ట్యాబ్‌లు గోడవైపు తిప్పి పెట్టాల్సొచ్చింది. పిల్లలు మాత్రం మేనల్లుడి గొంతు వినగానే నవ్వేశారు, "మా ఊరోడే" అని. అమ్మానాన్నలు ఇంట్లో సవర అనే గిరిజన భాష మాట్లాడే ఒక పిల్లోడికి తెలుగు ఆడియో సగమే అర్థమైంది, దానికి మా దగ్గర ఏ ఏర్పాటూ లేదు, అది మా తప్పే. చివర్లో పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరున్న కార్డు ఇస్తే ఒకడు అటూ ఇటూ తిప్పి చూసి "ఫోన్ సెయ్యమన్నారు సరే, ఫోనెక్కడున్నాదన్నా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మొత్తం పాతికమంది కూడా లేరు కాబట్టి శాతాలు వెయ్యలేదు. నేను దెబ్బల గురించే ఎక్కువొస్తుందనుకున్నా, కొన్ని వచ్చాయి, పెద్ద పిల్లలు చిన్నోళ్ళ కూర లాగేసుకోవడం వచ్చింది, బాత్రూమ్ తలుపుకి గడియ లేదని చాలామంది నొక్కారు. కానీ దాదాపు అందరూ ఒకేలా నొక్కిన ప్రశ్న "నీ కేసు ఎక్కడిదాకా వచ్చినాదో నీకు తెలుసేటి?" అన్నది. అస్సల్లేదు, అస్సల్లేదు, అస్సల్లేదు. మొదటిసారి బోర్డు ముందు పెట్టిన రోజు నుంచి 4 నెలల్లో ఎంక్వైరీ పూర్తవ్వాలని, మహా అయితే ఇంకో 2 నెలలు పొడిగించొచ్చని జువెనైల్ జస్టిస్ చట్టం 14వ సెక్షన్లో ఉంది, ఆ సంగతి ఒక్క పిల్లోడికీ ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ ప్రశ్న మేం మొదట రాయనేలేదు, బోర్డు మెంబరు మేడం గారు చేర్పించారు.

రిపోర్ట్ ఇచ్చాక గడియలు వారంలో బిగించారు. ఫిర్యాదుల పెట్టె మెట్ల కిందకి మార్చారు. వాయిదా తేదీ ఎప్పుడో పిల్లోడికి చీటీ మీద రాసివ్వమని అడిగాం, చూద్దాం అన్నారు. రెండో విడతకి సవర ఆడియో కూడా చేద్దామని లెటర్ పెట్టా, పోయిన సోమవారం వెళ్తే ఫైలు ఇంకా మొదటి టేబుల్ మీదే ఉంది.