క్రోటన్లతో పులుసు

రావులపాలెంలో మా వీధి చివరి ఖాళీ స్థలానికి ఇవాళ మోక్షం కలిగింది. నిన్నటిదాకా అది చెత్త పారేసే చోటు. అక్కడ తోట వేద్దామని పొద్దున్నే వీధివాళ్లంతా ఇంటిల్లిపాదీ పార, గునపం, తట్టలతో దిగారు. సగం మంది ఫొటోలకే వచ్చారనుకోండి, వచ్చారు కదా, అది చాలు.

మొదటి గొడవ మెరక దగ్గర. కాలవలకు నీళ్లొదిలాక మా ఒండ్రు నేలలో కాస్త లోతు తవ్వినా ఊట వచ్చేస్తుంది. కుర్రాళ్లు చదునుగా మడులు కట్టేస్తుంటే పక్కింటి మామ్మగారు అడ్డం పడ్డారు. "ఇలా పల్లంలో పెడితే రెండు వానలకే వేరు కుళ్లిపోదూ? ముందు మట్టి ఎత్తండి బాబూ!" ఆవిడ మాటే నెగ్గింది. మడులు జానెడు లేచాయి, మా నడుములు పడిపోయాయి.

పిల్లలకి మొక్కల కంటే వానపాములే నచ్చాయి. ఒక పిల్ల కెవ్వుమంటే, వాళ్ల అన్నయ్య మాత్రం కొబ్బరి చిప్పలోకి ఏరుకుంటున్నాడు. ఎందుకురా అంటే, "గాలానికండి!" మట్టిని గుల్లచేసేవి అవే, వదిలెయ్యమన్నాను. సగం వదిలాడు.

కడియపులంక నర్సరీల నుంచి ఆటోలో దిగిన క్రోటన్లూ గులాబీలూ చూసి మామ్మగారు మూతి విరిచారు. "వీటితో పులుసు పెట్టుకుంటారా?" అని, కొంగుముడి విప్పి ఆనప, బీర, పొట్ల గింజలు తీశారు. పొట్ల గింజ అంచు గరుగ్గా, వంకరటింకరగా ఉంటుంది. పిల్లల అరచేతుల్లో ఒక్కోటి పెట్టి, వేలి కణుపు లోతున గుచ్చమన్నారు. కాయ వంకర పోకుండా చివర రాయి కడతారని చెబితే ఒకడు, "దానికి నొప్పెట్టదా?" అన్నాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. క్రోటన్లు గోడ వారకి పోయాయి.

మధ్యాహ్నం అరిటాకుల్లో పులిహోర. గెలల మార్కెట్ ఉన్న ఊళ్లో ఆకులకి కొదవా!

రేపట్నుంచి నీళ్లెవరు పోస్తారనగానే పెద్దలందరూ ఫోన్లు చూసుకున్నారు. వంతులు పిల్లలకే పడ్డాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ మా బతుకంతా కాలవ వదలడం, కట్టెయ్యడం మధ్యే. వేసవిలో కాలవ కట్టేస్తే ఎలాగని అడిగాను. చేతిపంపు ఉందిగా అన్నారు. ఉంది. పిడే లేదు.