చివరి హారతి తరిగొండమ్మది

ధనుర్మాసంలో తిరుమల ఆలయం రోజు ఎలా మొదలై ఎలా ముగుస్తుందో చూడండి. తెల్లవారుజామున సుప్రభాతం ఆగిపోతుంది. దాని స్థానంలో తిరుప్పావై వినిపిస్తుంది. శ్రీవిల్లిపుత్తూరులో పూలమాలలు కట్టుకునే పెరియాళ్వారు ఇంట పెరిగిన గోదాదేవి పాడిన ముప్పై పాశురాలు అవి. రాత్రి స్వామిని పవళింపజేసే ఏకాంతసేవలో, అన్నమయ్య వంశీకులైన తాళ్ళపాకవారి లాలి అయ్యాక, కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. ఆ తర్వాత తలుపులు మూస్తారు. స్వామిని లేపేది ఒక ఆడపిల్ల పాట, నిద్రపుచ్చేది మరో ఆడమనిషి హారతి.

ఇద్దరూ మనిషి కాదు, దేవుడే తమ భర్త అన్నవాళ్ళే. గోదాదేవి పెళ్ళికి ముందే ఆ మాట అంది. మానవమాత్రుడికి నన్నిచ్చే మాటెత్తితే బతకనని తన మరో రచన నాచ్చియార్ తిరుమొళిలో ఖరాఖండిగా చెప్పింది. వెంగమాంబకు ఆ అవకాశం కూడా లేదు. ఊహ తెలియని వయసులోనే పెళ్ళయింది, అంతలోనే ఆ భర్త పోయాడు. అప్పటి లెక్కలో ఆమె జీవితం అక్కడితో అయిపోయినట్టే.

ఆమె పుట్టింది 1730లో, మదనపల్లె వైపున గుర్రంకొండ దగ్గరి తరిగొండలో. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమాంబ. ఊళ్ళో లక్ష్మీనరసింహస్వామి గుడి. తర్వాత తిరుమల చేరి, బతుకంతా వేంకటేశ్వరుడి నీడలోనే గడిపినా, తరిగొండ నరసింహుణ్ణి మాత్రం పద్యంలోంచి వదల్లేదు. ఆమెకు ఇద్దరూ ఒకరే.

భర్త పోయిన పిల్లకు జుట్టు తీయించాలి, గాజులు పగలగొట్టాలి, బొట్టు చెరపాలి అన్నారు పెద్దలు. ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం ఒక ఎత్తు, అందుకు చెప్పిన కారణం మరో ఎత్తు. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయనకు చావు లేదు, మరి నేను ఇవన్నీ ఎందుకు తీయాలి అంది. శాస్త్రం వద్దని ఆమె అనలేదు, ఆచారం తప్పనీ అనలేదు. భర్త పోతేనే కదా ఈ గుర్తులు తీయాలంటున్నారు, నా భర్త పోలేదు అని వాళ్ళ మాటనే వాళ్ళ ముందు పెట్టింది. దేవుడు అందరికీ పతి అని రోజూ పురాణం చెప్పే పెద్దమనుషులకు ఇంక నోరెలా పెగులుతుంది? ఆ మాట అబద్ధమనాలి, లేదా ఆమె జోలికి పోకుండా ఉండాలి.

పోకుండా ఉండలేదనుకోండి. పుష్పగిరి పీఠాధిపతి ఊరికి వచ్చినప్పుడు ఆమెను రప్పించి నమస్కారం చేయమన్నారట. అయ్యా, మీరు ఆ ఆసనం మీద నుంచి లేవండి అందట ఆమె. ఆయన లేచాక ఖాళీ పీఠానికి నమస్కరిస్తే అది భగ్గుమని కాలిపోయిందని కథ. అలాగే గుళ్ళో ఆంజనేయస్వామి విగ్రహం వెనక కూర్చుని ధ్యానం చేసుకుంటుంటే పూజారి చూసి బయటికి వెళ్ళగొట్టాడని ఇంకో కథ. నిజానిజాల సంగతి పక్కన పెడితే, ఈ కథలన్నిటిలో ఒకే మనిషి కనిపిస్తుంది. ఎవరైనా ‘నీ చోటు ఇది కాదు’ అనగానే ఆమె ఇంకో చోటు వెతుక్కుంటుంది కానీ చేస్తున్న పని మాత్రం ఆపదు.

నాకు ఒక చిన్న ఫిర్యాదు ఉంది. మనం ఆమె మహిమలు చెప్పుకున్నంతగా ఆమె పుస్తకాలు చదవం. పీఠం కాలిన సంగతి, రాత్రిళ్ళు సొరంగంలోంచి గుడికి వెళ్ళి ముత్యాలు సమర్పించిన సంగతి ఇంటింటా తెలుసు. విష్ణుపారిజాతం పేరు విన్నవాళ్ళు ఎందరు? నృసింహ శతకంతో పాటు శివనాటకం, చెంచు నాటకం, గోపికా నాటకం, రుక్మిణీ నాటకం లాంటి యక్షగానాలు రాసింది. జలక్రీడా విలాసం రాసింది. వేంకటాచల మాహాత్మ్యం పద్యకావ్యం. రెండేసి పాదాలుగా సాగే ద్విపదలో భాగవతం, వాసిష్ఠ రామాయణం, రాజయోగసారం. ఒక్క మనిషి ఇన్ని రకాలుగా రాయడం మామూలు సంగతి కాదు.

అందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేవి నాటకాలు. బాలవితంతువు అంటే లోకం దృష్టిలో ఓ మూల కూర్చుని రామకోటి రాసుకోవాల్సిన మనిషి. ఈవిడ చెంచులక్ష్మి కోసం అడవిలో తిరిగే నరసింహుడి ప్రేమకథ ఎత్తుకుంది, గోపికలతో కృష్ణుడి జలక్రీడ ఎత్తుకుంది. శృంగారం నీకెందుకమ్మా అని ఆనాడు అడిగినవాళ్ళు తప్పకుండా ఉండే ఉంటారు. ఆమెకు అది స్వామి కథ, తన స్వామి కథ. ఎవరికి సంజాయిషీ చెప్పాలి?

అంతే ధైర్యంగా వేదాంతాన్నీ పట్టుకుంది. ఆడవాళ్ళకు యోగశాస్త్రం ఎందుకనుకునే రోజుల్లో, కపిలుడు తన తల్లి దేవహూతికి చేసిన ఉపదేశాన్ని తెలుగు ద్విపదలోకి తెచ్చింది. శ్రోత తల్లి, స్త్రీ. వాసిష్ఠ రామాయణానికి మూలమైన యోగవాసిష్ఠంలో చూడాల కథ ఉంది. రాణి చూడాల భర్త శిఖిధ్వజుడి కన్నా ముందే ఆత్మజ్ఞానం పొందుతుంది. ఆమె చెబితే ఆయన వినడు, నీకేం తెలుసంటాడు. రాజ్యం వదిలి అడవికి పోతాడు. అప్పుడామె కుంభుడనే బ్రాహ్మణ యువకుడి రూపంలో వెళ్ళి అదే జ్ఞానం చెబుతుంది. ఈసారి బుద్ధిగా వింటాడు! ఆఫీసు మీటింగులో ఓ అమ్మాయి చెప్పిన ఐడియాను పది నిమిషాల తర్వాత ఎవరో అబ్బాయి చెబితే అందరూ తలూపడం చూసినవాళ్ళకు ఈ కథ పాతదనిపించదు.

వెంగమాంబ తన గురించి చెప్పుకునే తీరు గమనించదగ్గది. చిన్నప్పుడు గురువు దగ్గర ఓనమాలు దిద్దుకోలేదు, ఛందస్సు నేర్వలేదు, కావ్యనాటకాలు చెవిన పడలేదు, స్వామి పలికిస్తే పలుకుతున్నాను అంటుంది. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికులనే గురువు ఉన్నా, కవిత్వం మాత్రం ఎవరి భిక్షా కాదంటుంది. రామాయణం రాసిన మొల్ల కూడా తనకు శాస్త్రాలేవీ రావంది. భాగవతం పలికించేవాడు రామభద్రుడన్నాడు పోతన కూడా. అది కవుల వినయం, మామూలే. అయితే అదే మాట ఆడమనిషి నోట వచ్చేసరికి దాని బలం మారుతుంది. ‘నీకు చదువు ఎవరు చెప్పారు, రాసే అధికారం ఎవరిచ్చారు’ అనే ప్రశ్నకు ‘స్వామి’ అన్నది జవాబు. ఇంక ఎవరి అనుమతి కావాలి? ఆ వినయం వెనక ఎంత గట్టిదనం ఉందో నాకు ఆలస్యంగానే అర్థమైంది.

తిరుమలలోనూ ఆమెకు అంతా నల్లేరు మీద నడక కాలేదు. పక్కింటివాళ్ళ పోరు పడలేక తిరుమల అడవుల్లోని తుంబురు కోనకు వెళ్ళిపోయిందని, అక్కడ ఏళ్ళ తరబడి తపస్సు చేసిందని, చివరికి గుడివాళ్ళే పిలిపించుకున్నారని చెబుతారు. 1817లో కన్నుమూసే వరకూ కొండ మీదే ఉంది. సమాధి అక్కడే ఉంది. నృసింహ జయంతికి ఆమె చేసిన అన్నదానం గుర్తుగా, 2011లో తిరుమలలో మొదలైన అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. రోజూ వేలమంది అక్కడ భోంచేసి వస్తారు. బోర్డు మీది పేరు ఎవరిదని అడిగేవాళ్ళు తక్కువ.

ఇక నా మనసులో అసలు మెలిపెట్టే విషయానికి వస్తాను. మా పెద్దమ్మకు మంగళహారతులన్నీ కంఠస్థం. సత్యనారాయణ వ్రతమైనా, శ్రావణ శుక్రవారమైనా ఆవిడ ఎత్తుకుంటేనే మిగతావాళ్ళం గొంతు కలుపుతాం. పెదనాన్న పోయినప్పటి నుంచీ ఆవిడ వంటింటి గుమ్మం దగ్గరే నిలబడి పాడుతుంది. పళ్ళెం ముట్టుకోదు. ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు, ముట్టుకోమనీ ఎవరూ అనలేదు. హారతి ఇచ్చేది ముత్తైదువ, పాట మాత్రం పెద్దమ్మది. ఇంకో ఇంట్లో అయితే పాట కూడా ఉండదేమో.

మరి తిరుమలలో? కోట్లమంది క్యూలో నిలబడి చూడాలనుకునే స్వామికి, రోజులో ఆఖరి హారతి పేరు ఎవరిది? లోకం అమంగళమన్న మనిషిది. స్వామికి లేని పట్టింపు మన హాల్లో పీట మీద పెట్టిన పటానికి ఎక్కడి నుంచి వచ్చింది? ఆచారం పట్ల నాకు గౌరవమే, పసుపుకుంకుమల మీద ప్రేమే. కానీ ఆచారం అని మనం అనేది గుడిలో చెల్లకుండా ఇంట్లో మాత్రమే చెల్లుతుంటే, దాన్ని నడిపేది దేవుడు కాదు, మనమే.

మొన్న ముక్కోటి ఏకాదశి నాడు మా చెల్లెలు ఉన్నట్టుండి పళ్ళెం తీసుకెళ్ళి పెద్దమ్మ చేతిలో పెట్టింది. ‘నాకెందుకే, ఎవరైనా ముత్తైదువకివ్వు’ అంది పెద్దమ్మ. ‘ఏకాంతసేవలో తరిగొండమ్మ ఇస్తే లేనిది నువ్విస్తే ఏమవుతుంది’ అంది చెల్లెలు. కర్పూరం అప్పటికే అంటుకుంది, వాదించే టైము లేదు. పెద్దమ్మ పళ్ళెం పట్టుకుని ముందుకు వచ్చింది. సోఫాలో కూర్చున్న మా బంధువులావిడ ఒకరు మొహం చిట్లించారు. పెద్దమ్మ అది చూసింది. చూసి, అయిపోవచ్చిన హారతికి ఇంకో చరణం తగిలించింది.