మీదే ఊరు?

ఇంగ్లండు దక్షిణాన డోర్సెట్ అనే కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, వెళ్తానంటే మా అమ్మాయి స్నేహితులందరూ సముద్రం సంగతే చెప్పారు. లల్‌వర్త్ కోవ్ చూడండి, డర్డిల్ డోర్ చూడండి అని. అమ్మాయి కారులో తీసుకెళ్ళి చూపించింది. బాగున్నాయి. తెల్లటి సుద్ద కొండలు, నీలం నీళ్ళు. పార్కింగ్‌కి వాళ్ళు తీసుకున్న డబ్బుతో మా ఇంట్లో వారానికి సరిపడా కూరగాయలొస్తాయి, అంతకంటే చెప్పుకోవలసిందేమీ లేదు.

నాకు కావలసింది డోర్చెస్టర్‌లో ఉంది. అమ్మాయి ఆఫీసుకి వెళ్ళాక సౌతాంప్టన్‌లో రైలెక్కి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ కౌంటీలోని పాత కాగితాలన్నీ భద్రపరిచే చోటు అక్కడ ఉంది, డోర్సెట్ హిస్టరీ సెంటర్ అంటారు. మా తాతగారు దివిసీమలో ఒక ఊరికి కరణం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణాల్ని, మునసబుల్ని తీసేసేదాకా ఆ ఊరి లెక్కలు ఆయనే రాశారు. ఎర్రగుడ్డలో మూటకట్టిన దస్త్రాల మధ్య పెరిగినదాన్ని కాబట్టి, ఇంకో దేశంలో ఊరి లెక్కలు ఎలా రాశారో చూడాలని నాకు ఎప్పట్నించో కోరిక.

లోపలికి వెళ్ళగానే పాస్‌పోర్ట్ చూసి కార్డు ఇచ్చారు. బ్యాగు లాకర్లో పెట్టమన్నారు. పెన్ను కుదరదు, పెన్సిల్ మాత్రమే. పాత పుస్తకం వెన్ను విరగకుండా కింద మెత్తటి దిండు, పేజీ లేవకుండా పైన పూసల దండ లాంటి బరువు. రూపాయి అడగలేదు. అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచింది, ఎవరూ "మీకెందుకు? మీరు వాళ్ళకేమవుతారు?" అని అడక్కపోవడం. మా నాన్న పోయాక ఒక పాత నకలు కోసం ఒక కార్యాలయం చుట్టూ తిరిగిన రోజులు గుర్తొచ్చి కడుపు మండింది. ఎక్కడో దివిసీమ నుంచి వచ్చిన ఆడమనిషికి రెండు వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు కూలీవాడి పెళ్ళి వివరం అడిగిన పది నిమిషాల్లో చూపించారు.

వీళ్ళ లెక్కలు ఎంత పాతవంటే, ప్రతి చర్చిలో బాప్తిస్మం, పెళ్ళి, ఖననం రాసి ఉంచాలని ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ 1538లోనే ఆజ్ఞ వేశాడు. ప్రభుత్వమే జనన మరణాలు నమోదు చెయ్యడం 1837 జులైలో మొదలైంది. జనాభా లెక్కల్లో ఇంటింటి మనుషుల పేర్లు 1841 నుంచి ఉన్నాయి. ఆ ఏడాది లెక్కల్లో పెద్దవాళ్ళ వయసులు అయిదుల లెక్కలోకి తగ్గించి రాశారట, నలభై మూడేళ్ళ మనిషి నలభై అయిపోతాడు. పేజీలకి పేజీలు ఒకటే వృత్తి: వ్యవసాయ కూలీ. తండ్రి వ్యవసాయ కూలీ, కొడుకు వ్యవసాయ కూలీ, పక్కింటాయనా అంతే.

నా పక్క బల్ల దగ్గర కెనడా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. ఒంటరిగా వచ్చింది. కాసేపటికి నన్ను మెల్లగా పిలిచి, "ఇది చూడండి, ఎవరికైనా చూపించకపోతే నేను ఉండలేను" అంది. తెర మీద ఒక పెళ్ళి రిజిస్టరు పేజీ. 1754 నుంచి పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఇద్దరూ రిజిస్టరులో సంతకం పెట్టాలని చట్టం, రాయడం రానివాళ్ళు గుర్తు వెయ్యాలి. ఆ పేజీలో పెళ్ళికొడుకు పేరు పక్కన వంకర గీతలతో ఒక ఇంటూ గుర్తు ఉంది. కింద పెళ్ళికూతురు మాత్రం తన పేరు తానే రాసింది. ఒక్కో అక్షరం ఒక్కో సైజు, చివరి అక్షరం గీత దాటి కిందికి జారింది. ఆవిడ ఈ పెద్దావిడకి ముత్తవ్వకి తల్లి. బొత్తాలు చేసి బతికిన మనిషి. డోర్సెట్ పల్లెల్లో ఆడవాళ్ళు ఇంటి దగ్గర కూర్చుని చిన్న రింగుల మీద దారం అల్లి బొత్తాలు చేసేవాళ్ళు. 1850ల్లో బొత్తాల మిషన్లు రావడంతో ఆ పని ఒక్కసారిగా పోయింది. చాలా కుటుంబాలు ఓడలెక్కి వెళ్ళిపోయాయి, వీళ్ళవాళ్ళూ అలాగే వెళ్ళారు.

"మా ఇంట్లో డోర్సెట్ అన్న మాట ఎవరూ అనేవాళ్ళు కాదు. పేదరికం చూసి సిగ్గుపడి ఉంటారు" అందావిడ.

ఆ తర్వాత ఆవిడ తెప్పించుకున్న కాగితం నన్ను ఆ మధ్యాహ్నమంతా వదల్లేదు. అదే కుటుంబంలో ఇంకో తరం ముందు మనిషి, ఒక విధవరాలు, ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు ఇచ్చిన వాంగ్మూలం. నేరం చేసి కాదు. పస్తులుండి సాయం అడిగినందుకు. అప్పట్లో పేదల్ని ఆదుకునే భారం ఏ ఊరిది ఆ ఊరిదే, 1601 నాటి చట్టం అది. ఊళ్ళో భూమి, ఇల్లు ఉన్నవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేసి కట్టెలు, చెప్పులు, చొక్కా, చివరికి శవపేటిక దాకా ఇచ్చేవాళ్ళు. కానీ 1662లో ఇంకో చట్టం వచ్చింది: ఎవరు ఏ ఊరికి చెందుతారో ఆ ఊరే చూసుకోవాలి, మనది కాని మనిషిని వెనక్కి పంపెయ్యొచ్చు. దాంతో ఎవరైనా చెయ్యి చాపితే మొదటి ప్రశ్న, మీదే ఊరు?

ఆ ప్రశ్నకి జవాబు పేజీ నిండా ఉంది. ఎక్కడ పుట్టింది, ఏ రైతు దగ్గర ఎన్ని నెలలు పనిచేసింది, జీతమెంత, భర్త ఎక్కడివాడు. పెళ్ళికానివాళ్ళు ఒక రైతు దగ్గర ఏడాది నిండా పనిచేస్తే ఆ ఊరి మనిషిగా లెక్క. అందుకని కొందరు రైతులు ఒక వారం తగ్గించి యాభై ఒక్క వారాలకే కుదుర్చుకునేవాళ్ళు. పెళ్ళయిన ఆడదానికి భర్త ఊరే ఊరు. భర్త పోతే, ఆవిడ ఎన్నడూ కాలు పెట్టని ఊరైనా సరే, పిల్లల్తో సహా అక్కడికి పంపొచ్చు. ఈవిడని అలాగే పంపారు. సాయం తీసుకునేవాళ్ళు కుడి భుజం మీద ఎర్రగుడ్డో నీలంగుడ్డో కుట్టుకుని, దాని మీద ఊరి పేరు మొదటి అక్షరం, పేదవాళ్ళని తెలిసే అక్షరం వేసుకోవాలని కూడా 1697లో చట్టం చేశారు. వంద ఏళ్ళు పైన ఆ చట్టం ఉంది.

మనూళ్ళల్లో మీదే ఊరని అడిగితే చుట్టరికం కలుపుకోవడానికి అడుగుతారు. బస్సులో పక్క సీటు మనిషి అడుగుతుంది, ఆ తర్వాత ఇంటిపేరు అడుగుతుంది, అవనిగడ్డ దాటేలోపు పిన్నో వదినో అయిపోతుంది. అదే ప్రశ్న ఒక మనిషికి ఆ పూట అన్నం ఉందా లేదా అని తేల్చేదిగా నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

కాదు, ఒకసారి చూశాను. 1977 నవంబరు 19 ఉప్పెన. మాది సముద్రానికి కాస్త ఎగువ కాబట్టి మేము బతికాం. నాకప్పుడు పదేళ్ళు. నీళ్ళు తీశాక తాతగారు పోయినవాళ్ళ లెక్క రాయడానికి కూర్చున్నారు. పట్టా ఉన్న రైతులైతే ఆయనకి ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, సర్వే నంబరుతో సహా నోటికి వచ్చు. ఊరి పాలేర్లూ, చాకలివాళ్ళూ, వాళ్ళ పిల్లలూ తెలుసు. కాలవ గట్టు మీద పాకలు వేసుకుని కోతల కోసం దిగిన పైఊరి కూలీలున్నారు. వాళ్ళదే ఊరో ఎవరికీ తెలీదు. కొందరిని పిలుపు పేరుతో ఎరిగినవాళ్ళున్నారు, అంతే. "పైఊరి కూలీలు, ఏడుగురు" అని రాసి తాతగారు కలం పక్కన పెట్టేశారు. ఆ ఏడుగురి కోసం ఎవరూ వచ్చి అడగలేదు. అడిగినా ఇవ్వడానికి పేరు లేదు.

ఈ సంగతి ఆ కెనడా ఆవిడకి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలీదు, ఇంట్లో పిల్లలకి కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ ఏమీ అనకుండా విని, "మీరు టోల్‌పడిల్ వెళ్ళి తీరాలి" అంది. "అక్కణ్ణించి వెళ్ళగొట్టిన ఆరుగురిలో అయిదుగురు చివరికి మా వైపు, ఒంటారియోలో స్థిరపడ్డారు."

టోల్‌పడిల్ డోర్చెస్టర్‌కి తూర్పున ఏడెనిమిది మైళ్ళు. కారుంటే పావుగంట. బస్సుకి మాత్రం నా ఓపిక అంతా ఖర్చయింది. స్టాపులో అంటించిన టైముకి రావలసింది రాలేదు, తర్వాతిది రెండు గంటలకి. తలమీద రేకు కూడా లేదు, సన్నటి తుంపర, పక్కనించి లారీలు నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి. ఆ రెండు గంటల్లో ఒక్క మనిషి నన్ను ఎక్కడికని అడగలేదు. వచ్చాక మాత్రం డ్రైవరు మంచివాడు, నా గొడుగు చూసి దిగే చోటు రాగానే తనే పిలిచి చెప్పాడు. మూడు పౌండ్లు. చాలా బస్సుల్లో ఒకవైపుకి అంతకంటే ఎక్కువ తీసుకోకూడదని 2025 జనవరి నుంచి పరిమితి ఉంది, అంతకుముందు రెండే ఉండేది. పల్లెలో దిగి తాగిన టీకీ కేకు ముక్కకీ అంతకి రెట్టింపు పైన అయింది.

ఊరు అంటే ఒక రోడ్డు, అటూ ఇటూ ఇళ్ళు, ఒక చర్చి. 1830ల్లో ఇక్కడి వ్యవసాయ కూలీలకి వారానికి తొమ్మిది షిల్లింగులుండే కూలి ఎనిమిదికి, ఏడుకి దిగింది. ఆరు చేస్తామన్నారు. జార్జ్ లవ్‌లెస్ అనే కూలీ, చదువుకున్నవాడు, మెథడిస్టులనే క్రైస్తవ శాఖలో బోధకుడు కూడా, తోటివాళ్ళని కూడగట్టి సంఘం పెట్టాడు. సంఘం పెట్టడం నేరం కాదు. అందుకని రహస్యంగా ప్రమాణం చేయించారన్న నెపంతో, నావికుల తిరుగుబాటు అణచడానికి 1797లో చేసిన చట్టం తవ్వి తీశారు. 1834 మార్చిలో డోర్చెస్టర్ కోర్టులో ఆరుగురికి ఏడేళ్ళ ద్వీపాంతరం వేశారు, ఆస్ట్రేలియాకి. వెనక మిగిలిన భార్యలు పిల్లలకి తిండి లేక ఊరి సాయం అడిగితే, అరెస్టు చేయించిన మేజిస్ట్రేట్ ఫ్రాంప్టనే ఇవ్వొద్దన్నాడు. ఈ ఊరివాళ్ళే వాళ్ళు. మీదే ఊరు అన్న ప్రశ్నకి సరైన జవాబే ఉంది. అయినా పెట్టలేదు. లండన్ కార్మికులు చందాలు వేసుకుని ఆ కుటుంబాల్ని పోషించారు.

దేశమంతా గొడవ చేస్తే 1836లో క్షమాభిక్ష వచ్చింది. తిరిగొచ్చినవాళ్ళలో అయిదుగురు తర్వాత కెనడా వెళ్ళిపోయారు. జేమ్స్ హామెట్ ఒక్కడే టోల్‌పడిల్‌లో ఉండిపోయాడు. ప్రమాణం జరిగిన రోజు అతను అక్కడ లేనేలేడని, సోదరుడి బదులు తనే శిక్ష అనుభవించాడని అంటారు. ఊళ్ళో ఇళ్ళు కట్టే పని చేసుకుంటూ బతికి, ముసలితనంలో చూపు పోయి, 1891లో డోర్చెస్టర్ వర్క్‌హౌస్‌లో చనిపోయాడు. పేదల్ని పడేసే చోటది. అతని సమాధి మీద ఇప్పుడున్న రాయి 1934లో, శిక్ష పడి నూరేళ్ళయిన సందర్భంలో, కార్మిక సంఘాలు పెట్టించింది. ఊరి చివర వృద్ధ వ్యవసాయ కార్మికుల కోసం ఆరు ఇళ్ళు కూడా అప్పుడే కట్టించారు, ఆరుగురి పేర్లూ వాటి మీద ఉన్నాయి. వాటి ముందు నుంచుంటే నాకు సంతోషం, కోపం రెండూ కలిగాయి. బతికుండగా ఆ ఆరింటిలో ఒక్కటి హామెట్‌కి దొరికి ఉంటే!

వెనక్కి వచ్చే బస్సు కూడా ఆలస్యమే. స్టాపులో నిలబడి మా బాబాయికి ఫోన్ చేశాను. ఎనభై దాటాయి ఆయనకి, ఉప్పెననాటికి పొలం పనులన్నీ ఆయనే చూసేవాడు.

"బాబాయ్, కాలవ గట్టు మీద ఏడుగురు పోయారే, కోతలకొచ్చినవాళ్ళు. వాళ్ళ పేర్లేమైనా గుర్తున్నాయా?"

"ఇప్పుడెందుకే అది? నువ్వక్కడికెళ్ళింది అమ్మాయిని చూడ్డానికి కదా?"

"రాసి పెట్టుకుందామని."

చాలాసేపు ఆలోచించాడు. "ముసలాయన్ని సింహాచలం అనేవాళ్ళం. ఆయన కోడలు అప్పలనర్స. చంటిపిల్ల ఉండేది, పేరు తెలీదు. మిగతావాళ్ళ సంగతి మీ పెద్దత్తయ్యకి తెలిసుండాలి, గంజి పోసేది తనే. రేపు పొద్దున కనుక్కుని చెప్తాను, నువ్వే చెయ్ ఫోన్, నాకు విదేశాలకి చెయ్యడం రాదు."

సరేనని, టికెట్ వెనక ఆ రెండు పేర్లూ రాసుకున్నాను.